కాలు లోపలా, బయటా?

సాయంత్రం ఆరు కొట్టిందంటే టైలరమ్మ కుట్టుమిషన్ మీద సున్నం రాలడం మొదలయ్యేది. పైఅంతస్తులో జూడో హాలు. ఎవరో ఒకరు ధబీమని పడ్డప్పుడల్లా ఆవిడ గుడ్డ మీద సున్నం దులుపుకుని, "పడ్డాడు మహానుభావుడు" అని గొణుక్కుని మళ్ళీ మిషన్ తొక్కేది. ఇరవై ఏళ్ళుగా అక్కడ చిరిగిన ప్యాంట్లన్నీ ఆవిడే కుట్టింది గానీ, ఆ మెట్లు మాత్రం ఏనాడూ ఎక్కలేదు.

ఒక మంగళవారం ఇద్దరు జూడో మాస్టార్లూ ఒకేసారి ఆవిడ కొట్టుకి వచ్చారు. ఒకేసారంటే కలిసి కాదు. పెద్ద మాస్టారు ముందు తలుపు నుంచీ, చిన్న మాస్టారు వెనక తలుపు నుంచీ. వరసకి బావా బావమరుదులు, నాలుగు నెలలుగా మాటల్లేవు. హాలు మధ్యలో టేపు అతికించి చెరిసగం పంచుకున్నారు. విసురుకి ఎవరైనా టేపు దాటి పడితే, పడ్డ వైపు మాస్టారికే శిష్యుడైపోవాలని నియమం. పాపం, ఒక పోస్ట్‌మాన్ వారంలో ఐదుసార్లు గురువుని మార్చాడు.

గొడవంతా ఒక సర్టిఫికెట్ దగ్గర వచ్చింది. పెద్ద మాస్టారి కూతురు నర్సు. ఆమె పోటీల ఫైనల్లో ఒక బస్సు డ్రైవరమ్మని ఒకే విసురుతో వెల్లకిలా పడేసి గెలిచింది. సర్టిఫికెట్‌లో "గెలిపించిన పట్టు" అని ఒక ఖాళీ ఉంది. అక్కడ హరాయ్ గోషి అని రాయాలంటాడు తండ్రి. కాదు, ఉచిమాత అంటాడు మేనమామ. రెండింటిలోనూ అవతలి మనిషిని ముందుకి లాగి, నడుము తిప్పి, ఒంటికాలి మీద నిలబడి రెండో కాలు వెనక్కి ఊపాలి. కవలపిల్లల్లాంటి పట్లు. ఆ ఊపిన కాలు అవతలివాళ్ళ రెండు కాళ్ళ మధ్యకి వెళ్ళి తొడ లోపలివైపు తగిలి లేపితే ఉచిమాత. బయటివైపు నుంచి ఊడ్చేస్తే హరాయ్ గోషి. అంతే తేడా.

"అమ్మా, ప్యాంటు ఎక్కడ చిరిగిందో చూస్తే మనిషి ఎలా పడిందో మీకు తెలిసిపోతుంది. మీరే తేల్చాలి," అన్నాడు పెద్ద మాస్టారు.

"వేసిన పిల్లనే అడగొచ్చుగా?"

"దానికేం తెలుసండీ, ఇది టెక్నికల్ విషయం!" అన్నారిద్దరూ ఒక్క గొంతుతో. నాలుగు నెలల్లో ఇద్దరికీ కుదిరిన మొదటి మాట అదే.

ఆదివారం పొద్దున టైలరమ్మ కళ్ళజోడు తుడుచుకుని మెట్లెక్కింది. డ్రైవరమ్మ ఫైనల్లో వేసుకున్న ప్యాంటుని ఉతక్కుండా సంచీలో భద్రంగా తెచ్చింది. తాను పడిన పడటం గురించి ఇంతమంది ఇన్నాళ్ళుగా కొట్టుకుంటున్నారని ఆవిడకి లోలోపల ఒకటే మురిపెం. టైలరమ్మ ప్యాంటు తిరగేసి చూసింది. లోపలి కుట్టూ విడిపోయింది, బయటి కుట్టూ విడిపోయింది.

"లోపలిది నేను బస్సెక్కేటప్పుడు పోయింది," అంది డ్రైవరమ్మ.

"మరి బయటిది?"

"దిగేటప్పుడు."

సాక్ష్యం నీరుగారిపోయింది. ఇక మళ్ళీ పడేసి చూడటం తప్ప దారి లేదన్నారు. నర్సు ఏదో చెప్పబోతే "నువ్వు వెయ్యి, మాట్లాడకు" అని కసిరారు. ఆమె నిట్టూర్చి, ఒక్కో రకం ఆరుసార్ల చొప్పున డ్రైవరమ్మని పన్నెండుసార్లు విసిరింది.

"ఏం తేడా తెలిసింది?"

"రెండింట్లోనూ ఫ్యానే కనిపించింది," అంది డ్రైవరమ్మ రొప్పుతూ.

టైలరమ్మకి ఒళ్ళు మండింది. కొలతలు తీసుకోకుండా కత్తెర పట్టే అలవాటు ఆవిడకి లేదు. కొంగు బిగించి, "నన్ను విసరమ్మా," అంది. అందరూ వద్దు మొర్రో అన్నా వినలేదు. చేసేది లేక, పడేటప్పుడు గడ్డం గుండెకి ఆనించి అరచేత్తో పరుపుని చరచాలని ఒక గంట నేర్పించారు.

మొదట హరాయ్ గోషి. గడపలో చెత్తని చీపురుతో ఊడ్చినట్టు రెండు కాళ్ళూ ఒకేసారి లేచిపోయాయి. టైలరమ్మ గాల్లో ఉండగానే, ఇప్పుడు కింద తన మిషన్ మీద సున్నం రాలుతుంటుందని తలుచుకుని ఫక్కున నవ్వింది. తర్వాత ఉచిమాత. నర్సు కాలు మధ్యలోకొచ్చి తొడని లేపింది. రెండో కాలు మాత్రం నేలని వదలనంటూ గెంతింది. ఒక గెంతు, రెండు, మూడు, అప్పుడు ధబ్!

ఆవిడ పరుపు మీద నుంచి లేవకుండానే డ్రైవరమ్మని అడిగింది. "ఏమ్మా, ఆ రోజు గెంతావా?"

"గెంతానక్కా, మూడుసార్లు. భయానికి గెంతాననుకున్నా."

"అయితే ఉచిమాతే!" అని చిన్న మాస్టారు ఎగిరి గంతేశాడు.

"నాన్నా, మావయ్యా, ఇప్పుడైనా చెప్పనిస్తారా?" అంది నర్సు. "నేను వెయ్యాలనుకున్నది ఓసోతో గారి అనే ఇంకో పట్టు. కాలు వెనకనుంచి కొట్టి వెనక్కి పడేద్దామని వెళ్ళాను. ఆవిడ మీదకొచ్చేసింది, నా కాలు జారి గిర్రున తిరిగాను. ఆ తర్వాత కళ్ళు మూసుకున్నా. నా కాలు ఎక్కడుందో ఆ భగవంతుడికే తెలియాలి."

అంతే, బావా బావమరుదులిద్దరూ ఒక్కటై పిల్ల మీద విరుచుకుపడ్డారు. కళ్ళు మూసుకుని పట్టు వేస్తారా, మన పరువేం కాను, అని ఒకరి మాట ఒకరు అందుకున్నారు. తిట్టి తిట్టి అలసిపోయాక, పక్కపక్కనే చతికిలబడ్డారు.

"పోనీలే, ఉచిమాత అనే రాద్దాం," అన్నాడు పెద్ద మాస్టారు మెత్తగా.

"అయ్యో, మీరు పెద్దవారు బావా. హరాయ్ గోషి అనే రాయండి."

"నీ మాటే ఉండనీవోయ్."

"కాదు, మీదే!"

"నీదంటుంటే!" పెద్ద మాస్టారు చొక్కా చేతులు మడిచాడు.

టైలరమ్మ ఇద్దరి మధ్య నుంచీ సర్టిఫికెట్ లాగేసుకుంది. చెవి వెనక పెన్సిలు తీసి, ఖాళీలో "గెంతింది, పడింది" అని రాసింది. దాని కింద నర్సు సంతకం పెట్టింది. డ్రైవరమ్మ కూడా పెట్టి, కాగితాన్ని దూరంగా పట్టుకుని తనివితీరా చూసుకుంది.

"దీనికి ఒక నకలు ఇప్పించండి మాస్టారూ," అంది. "మా డిపోలో తగిలిస్తా. పడింది నేనే కదా!"