బీడీల చాటలో ఫోను

సుమిత్రమ్మకు ఆ వారమంతా అన్నం సహించలేదు. బోధన్‌లో అత్తవారింట ఉన్న కూతురు రాజమణికి నెలలు నిండాయి. బిడ్డ అడ్డం తిరిగిందని డాక్టరమ్మ చెప్పింది. కబురు వెంటనే అందాలని అల్లుడు నిజామాబాద్ వచ్చి, అత్త చేతిలో కొత్త సెల్‌ఫోను పెట్టి వెళ్లాడు.

ఫోను వచ్చిన మర్నాడే బీమా అమ్మే ఆత్మారాం వాకిట్లో నిలబడ్డాడు.

"దొంగలెత్తుకపోతే కొత్తది ఇస్తరక్కా. పోలీసు కాయితం తెస్తే సాలు."

"నీళ్లల్ల పడితే?"

"దానికి రాదు."

"నేనే ఏడనన్న పెట్టి మర్సిపోతే?"

"దానికి గూడ రాదు. గట్లెట్ల మర్సిపోతవక్కా!" అని నవ్వి, రేపు సాయంత్రం వస్తానని వెళ్లాడు.

అతను కట్టమన్నది ఆమె వారం కూలి. వద్దంటే ఫోను పోతుందేమోనని భయం, కడదామంటే చేయి రాదు. ఎటూ తేల్చుకోలేకపోయింది.

మర్నాడు ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతూ, మోగితే వినపడాలని ఫోను చాటలోనే తంబాకు పక్కన పెట్టుకుంది. చుట్టడం ముగించి, కట్టలు గంపలో పేర్చి, గుడ్డ కప్పి చూస్తే ఫోను లేదు. తడిగోనెలో చుట్టిన ఆకు విప్పింది. తంబాకు సంచి దులిపింది. బొంత కింద కూడా వెతికింది.

"ఆత్మారాం ఇయ్యాల వస్తడు గదా వదినే," అంది పక్కింటి వెంకటవ్వ. "సప్పుడు జేయక పైసలు కట్టు. రెండ్రోజులు ఆగి, దొంగలెత్తుకపోయిండ్రను."

"ఎవల మీద అనుమానం అని పోలీసులడిగితే నీ పేరు జెప్పాల్నా?"

"నా పేరెందుకు? మా ఆయన పేరు జెప్పు. జర పీడ వోతది."

ఇంకో రోజైతే సుమిత్రమ్మ పడీపడీ నవ్వేది. ఇప్పుడు బోధన్ నుంచి పిలుపొస్తే ఎత్తేదెవరన్న ఒక్క ఆలోచనే ఆమెను తినేస్తోంది. గంప మాత్రం వేళకు చేరాలి. నెత్తిన పెట్టుకుని కార్ఖానాకు నడిచింది.

అక్కడ లింబయ్య కట్టలు చూసి, బాగా లేనివి పక్కకు పారేస్తాడు. గుడ్డ తీసి చెయ్యి పెట్టగానే గంప మోగింది.

"సుమిత్రక్కా, గీ కట్టకు దారం సుట్టలేదు. పారెయ్యాల్నా?" అంటూ ఫోను పైకెత్తాడు.

లాక్కున్నంత పని చేసిందామె.

"అత్తమ్మా, ఆడపిల్ల!" అల్లుడి గొంతు. "ఆఖరికి తనంతట తనే తిరిగింది. కోత గూడ పడలే. ఇద్దరు మంచిగున్నరు."

సుమిత్రమ్మ తంబాకు దుమ్ములోనే కూలబడింది. నవ్వుతోందో ఏడుస్తోందో చుట్టూ ఉన్న ఆడవాళ్లకు తెలియలేదు. ఏళ్ల అలవాటు మరి, కట్టంత ఉన్నదేది తగిలినా ఆ చేతికి కట్టే. ఇంట్లో కట్టలు సర్దేటప్పుడు కళ్లు చూడకుండానే చెయ్యి ఫోనును గంపలో పేర్చేసింది.

సాయంత్రం ఆత్మారాం వచ్చేసరికి ఆమె పాత రవికె గుడ్డతో బొడ్లో దోపుకునే సంచి కుడుతోంది. ఫోను అందులో పట్టింది.

"ఏమనుకున్నవక్కా?"

"నువ్వు బయటి దొంగలకు బీమా జేస్తనంటివి తమ్మీ. మా ఇంట్ల దొంగ నా చెయ్యే. దానికి రాదంటివి." దారం పంటితో తెంపి లేచింది. "నిలవడు, పోకు. మనవరాలు పుట్టింది, గింత చక్కెర నోట్లె ఏస్కొని పో."