నైరుతి గోడ

కిటికీ చువ్వల్లో చివరిది తెగేసరికి ఏసుపాదం అరచేయి వేడెక్కింది. రంపం పక్కన పెట్టి, తెగిన చువ్వను ఊడబెరికి, మిగతా చువ్వల మీద చప్పుడు కాకుండా పెట్టాడు. పాత ఇళ్ల కిటికీలు కూలర్ల కోసం కట్టినవి కావు. చువ్వలు కోయాలి, చెక్క చట్రం అంచు చెక్కాలి, బయటి గోడకు ఇనుప స్టాండు బిగించాలి. అప్పుడు గాని కూలర్ మూతి కిటికీలో కూర్చోదు. మూతి లోపలికి, ఒళ్లంతా బయటికి. బయటి గాలి పీలిస్తేనే అది చల్లగాలి ఇస్తుంది. మిర్యాలగూడ పాత వీధుల్లో ఏసుపాదం ఇట్లా తెరిచిన కిటికీలు ఎన్నో అతనికే గుర్తు లేదు.

అతను పొట్టి మనిషి. ఒక భుజం కొంచెం కిందికి ఉంటుంది, అటు పక్కనే ఎప్పుడూ సామాను సంచి వేలాడుతుంది గనుక. వేళ్లు ఏనాడో పగిలాయి. ఆ పగుళ్లలో గ్రీజు నిలిచి, సబ్బుకు లొంగని నల్లగీతలయ్యాయి.

పోయినేడు ముందు గది కిటికీలో వాడిన కూలర్ ఇది. గడ్డి నింపే జాలీలు ఊడదీసి నేల మీద పరిచాడు. పోయినేటి గడ్డి బోరునీళ్ల ఉప్పు పట్టి తెల్లగా గట్టిపడింది. పట్టుకుంటే అప్పడంలా విరుగుతోంది. దాని మీద మిల్లుల నుంచి ఎగిరి వచ్చిన ఊక బూడిద. పెరుకుతుంటే దుమ్ము ముక్కులోకి పోయింది. తువ్వాలు ముఖానికి అడ్డం కట్టుకున్నాడు.

ఇంటాయన తులసీరాం మిల్లులో కాంటా దగ్గర గుమాస్తా. గడప మీద కూర్చుని చూస్తున్నాడు.

"ఎండలు పోయినంక జాలీలు తీసి నీడకు పెట్టమంటివి, ఏసన్నా. నేను మర్సిపోయిన. మా ఆమె నిన్ను తిట్టింది."

"నన్నెందుకు?"

"నన్ను తిట్టి తిట్టి యాష్టకొచ్చిందంట."

అక్కడ నవ్వాలని ఏసుపాదానికి తెలుసు. పెదవులు కదిలించాడు. తువ్వాలు అడ్డం ఉంది గనుక అది నవ్వో కాదో తులసీరాంకు కనబడలేదు.

"వదినెకెట్లుంది?"

"గట్లనే ఉంది. వాళ్ల తమ్ముడొస్తుండు ఇయ్యాల. చిలుకూరు తల్లిగారింటికి తోలుకపోతడంట."

"మంచిదే గదనే. గాడ కాలువ గాలి ఉంటది."

"ఆఁ" అని ఏసుపాదం జాలీని గోడకు కొట్టాడు. మిగిలిన ఉప్పు పొడిపొడిగా రాలింది. తెచ్చిన గడ్డి చాలలేదు. సాయంత్రం మళ్లీ తెచ్చి నింపుతానని చెప్పి, సంచి భుజానికి తగిలించుకున్నాడు.

అతని భార్య జానమ్మకు గుండె వాచిందని దవాఖానలో చెప్పారు. ఉప్పు మానమన్నారు, గాలి ఆడే చోట ఉంచమన్నారు. వాళ్లు అద్దెకు ఉండేది శోభారాణి టీచరు ఇంటి వెనక గదిలో. నైరుతి మూల గది. రెండు పక్కలా బయటి గోడలే అయినా ఒక్క కిటికీ లేదు. ఉన్న ఒక్క తలుపూ ఇంటి లోపలి నడవలోకి తెరుచుకుంటుంది. ఆ తలుపు దగ్గర అతను ఒక కూలర్ పెట్టి చూశాడు. మూసిన నడవలో అది ఆ గాలినే తిప్పి తిప్పి ఇచ్చింది. గోడలు చెమ్మగిల్లాయి, పక్కబట్టలు తడిసినట్టయ్యాయి, జానమ్మకు ఊపిరి మరింత బరువైంది. ఆపేశాడు. వేరే ఇళ్లు వెతికాడు. దొరికినవి రేకులవి, లేదంటే మెట్లు ఎక్కవలసినవి. ముందు గదిలో పడుకొమ్మని శోభారాణి పిలిచింది గాని, రాత్రంతా దగ్గే మనిషి పరాయి వాళ్ల నడుమ ఎట్లా పడుకుంటుంది?

పడమటి గోడలో ఒకప్పుడు కిటికీ ఉండేది. ఇటుకలతో మూసేశారు. ఎన్నిసార్లు సున్నం వేసినా దాని నాలుగు అంచులు గోడ మీద తెలుస్తూనే ఉంటాయి. ఆ ఇటుకలు తీస్తే జానమ్మ ఈ ఇంట్లో ఉండవచ్చు. తీయకపోతే ఈరోజు వెళ్లిపోతుంది. వెళ్లిన మనిషి ఈ వాపుతో మళ్లీ ఇంత దూరం ప్రయాణం చేస్తుందా అన్నది అతను ఆలోచించడం మానేశాడు.

మధ్యాహ్నం ఇంటికి వచ్చేసరికి శోభారాణి వరండాలో పీట వేసుకుని, పచ్చడి మామిడికాయ ముక్కల నుంచి జీడి తీస్తోంది. ఏసుపాదం చెప్పులు విడిచి మెట్టు కింద నిలబడ్డాడు.

"టీచరమ్మా, ఇంకొక్కసారి అడుగుతున్న. కొత్తగ కొట్టేది లేదు. గా ఇటుకలు తీస్తే సాలు. వానలు పడంగనే మళ్ల నేనే మూస్త."

ఆమె చేతిలో కత్తి ఆగలేదు.

"నేను నా సుఖానికి కాదంటున్ననా, ఏసూ? నైరుతిల బొక్క పెడితే ఇంటి మగమనిషికి మంచిది కాదని చెప్పిన్రు. మేం వినలె. కిటికీ పెట్టి ఏడాది తిరగలె, సారు పోయిండు. ఇగ నాకున్నది కొడుకు నగేషొక్కడు. సూర్యాపేట డిపోల బస్సు నడుపుతడు. ఫోను మోగితే నాకు కాళ్లు ఆడవు. గా కిటికీ తెరిసి నేనెట్ల పండుకోవాలె, నువ్వే చెప్పు."

సారు పోయింది షుగరుతో. అది ఏసుపాదానికి తెలుసు. ఆమెకూ తెలుసు. ఒక ముక్క పీట కింద పడితే అతను తీసి గిన్నెలో వేసి లోపలికి వెళ్లాడు.

జానమ్మ తమ్ముడు చిరంజీవి అప్పటికే వచ్చి ఉన్నాడు. బట్టల మూట, మందుల సంచి గడప దగ్గర పెట్టి, కిరాయి కారు నీడకు పెట్టించి వచ్చాడు. అక్క కంటే చాలా చిన్నవాడు. ఎక్కడ నిలబడాలో తెలియనట్టు నిలబడ్డాడు.

జానమ్మ మంచం మీద కూర్చుని ఉంది. వెల్లకిలా పడుకుంటే ఆమెకు ఊపిరి ఆడదు. అందుకని ఏసుపాదం గోనె సంచిలో కూలర్ గడ్డి కూరి, సుతిలి తాడుతో మూతి కుట్టి, వీపు వెనక ఆనుడుగా పెట్టాడు. రాత్రీ పగలూ దానికే ఆనుకుని కునుకు తీసేది.

"గా సంచి గూడ వేసుకుందమా, బావా?" అన్నాడు చిరంజీవి.

"సీట్ల నిండ గడ్డి రాలుతదన్న" అని బయటి నుంచి డ్రైవరు కేకేశాడు.

"మెత్తలు తెచ్చిన లే" అని చిరంజీవి సర్దుకున్నాడు.

జానమ్మ లేచింది. పాదాలు వాచి వేళ్లు కనబడటం లేదు. నడవ దాటడానికి ఒకసారి ఆగింది, వరండాలో స్తంభం పట్టుకుని ఇంకోసారి ఆగింది. ఎండ వాకిట్లో తెల్లగా పరుచుకుని ఉంది.

శోభారాణి పీట మీద నుంచి లేచి చేతులు కొంగుకు తుడుచుకుంది. జానమ్మ పాదాలు చూసింది, ముఖం చూసింది.

"ఆగుర్రి" అంది. "ఆగు, జానమ్మా. తియ్యమను ఇటుకలు. పగలగొడితే పగలగొట్టనీ."

ఏసుపాదం సామాను సంచిని భుజం మీద నుంచి దించాడు.

జానమ్మ ఊపిరి కూడదీసుకుని అంది: "వద్దక్కా. ఇయ్యాల సరే అంటవ్. రేపు నగేషుకు తలకాయ నొస్తుందంటే కిటికీ దిక్కు సూస్తవ్. నన్నేమనవు. నువ్వు ఎవ్వరినేమనవు. ఊకె సూస్తవ్. గా సూపు కింద నేను పండుకోలేను."

శోభారాణి కాదనలేదు. లోపలికి వెళ్లి చిన్న సీసాలో కొత్త పచ్చడి వేసి తెచ్చింది. మెట్టు దాకా వచ్చాక గాని ఉప్పు సంగతి గుర్తు రాలేదు. ఆ సీసాను ఇవ్వకుండా, దాచకుండా అట్లాగే పట్టుకుని నిలబడింది.

కారులో మెత్తల నడుమ జానమ్మను కూర్చోబెట్టారు. ఏసుపాదం తలుపు దగ్గర వంగాడు. ఆమె ముఖం నిండా చెమట. తువ్వాలుతో తుడిచాడు. తువ్వాలుకున్న ఉప్పు బూడిద ఆమె చెంపకు అంటింది. దాన్ని బొటనవేలితో తుడిచాడు.

"బియ్యంల పురుగు పట్టింది. ఎండల పోయ్యి" అంది.

"సరే."

"తలుపు కాడి కూలర్ తియ్యి. కాలికి తాకుతది."

"తీస్త."

వానలు పడ్డాక వస్తానని ఆమె అనలేదు. ఎప్పుడొస్తావని అతను అడగలేదు. చిరంజీవి ముందు సీట్లో కూర్చుని "పోయొస్తం, బావా" అన్నాడు. కారు మలుపు తిరిగింది. ఒక లారీ దాని వెనక నుంచి వచ్చి దారి నింపేసింది.

ఏసుపాదం గదిలోకి వచ్చాడు. తలుపు దగ్గరి కూలర్‌ను జరిపాడు. డబ్బాలో బియ్యం చాటలో పోసి వాకిట్లో ఎండబెట్టాడు. శోభారాణి పీట దగ్గర లేదు. ముక్కల గిన్నె మీద ఈగలు వాలుతున్నాయి. దాని మీద పళ్లెం బోర్లించాడు.

ఫోను మోగింది. తులసీరాం.

"ఏసన్నా, కిటికీ బార్ల తెరిసి పోతివి. గీడ పిల్లి వచ్చి కూసుంది. కూలర్ కంటె ముందు పిల్లే చల్లవడుతుంది. గడ్డెప్పుడు తెస్తవే?"

"వస్తున్న."

సామాను సంచిలో చూశాడు. గడ్డి ఒక్క పోగు కూడా లేదు. గదిలో ఉన్నదల్లా మంచం మీది గోనె సంచిలోదే. తులసీరాం జాలీలకు అది సరిపోతుంది. మంచం పక్కన కూర్చుని, మూతి కుట్టిన సుతిలి ముడి మీద వేలు పెట్టాడు. అది తను వేసిన ముడే, ఎట్లా విప్పాలో తెలుసు. ముడి విప్పకుండానే లేచి, తలుపు దగ్గరగా వేసి, గడ్డి కోసం బజారుకు నడిచాడు.

మంచం మీద గోనె సంచి గోడకు ఆనుకుని ఉంది. దాని నడుమ జానమ్మ వీపు పట్టినంత గుంట, పైన తల ఆనిన చోట ఇంకో చిన్న గుంట, ఆ పీచులో చిక్కుకున్న నెరిసిన వెంట్రుక ఒకటి.