నరం కాదు, పురుగు

నరం తెగిన మూడో రోజుకి మాడసామి కాలు మోకాలి దాకా ఉబ్బి సీసం రంగుకి తిరిగింది. చిన్నతాయి వేలితో నొక్కి చూసింది. గుంట పడింది, మళ్లీ పూడలేదు. మొగుడు అరవలేదు కూడా. అదే ఆమెను భయపెట్టింది.

"ఒక తూరి అరువయ్యా," అంది.

"దానికీ సత్తువ కావాల గద," అన్నాడు మాడసామి.

పంగుని నెల, ఎండలు ముదిరే వేళ. నల్లరేగడి చేలల్లో పత్తి విచ్చి నేల రాలుతోంది. ఏరిన ఎనిమిది పాళ్లలో ఒక పాలు కూలి. ఏరకపోతే గంజి లేదు. కాని ఊళ్లో పదిహేడు మంది కాళ్లు చాపుకుని పడి ఉన్నారు. అందరికీ ఒకటే బాధ. చీలమండ దగ్గర బొబ్బ లేస్తుంది, నిప్పు పెట్టినట్టు మండుతుంది, పగిలి తెల్లటి దారం బయటికొస్తుంది. దాన్ని చీపురుపుల్లకు రోజుకో అంగుళం చుట్టుకుంటూ రావాలి. తెగిందంటే కాలు కుళ్లుతుంది. ఊరు దాన్ని నరం అనేది. ఒంట్లోని నరమే వదులై బయటపడుతుందనీ, ఎవరి తలరాత వాళ్లదనీ అందరి నమ్మకం. మాడసామి నిద్రలో కాలు విదిలించాడు. తెగిపోయింది.

ఆ పొద్దు ఊళ్లో ఆరోగ్య సభ ఉందని దండోరా వేశారు. చిన్నతాయి తెగిన ముక్కను పుల్లతో సహా ఆముదపాకులో చుట్టి పరుగెత్తింది.

సభ మణియం ఇంటి అరుగు మీద. మణియమంటే ఊరి పన్ను వసూలు చేసే పెద్ద. ఊరికున్న ఒకే దిగుడుబావి వాళ్ల తాత తవ్వించింది. ఆయనకు చెరో పక్కన ఇద్దరు అతిథులు కుర్చీల్లో కూర్చున్నారు. ఒకరు కోవిల్‌పట్టి నుంచి వచ్చిన డాక్టరు నారాయణన్. రెండోవారు విరుదునగరం పొదుపు సంఘం పెద్దమనిషి కుళందైసామి. సంతలో ఎద్దు పళ్లు చూసి బేరగాళ్లు మాట్లాడుకున్నట్టు, ఎదురుగా నేల మీద కూర్చున్న ఊరిని చూస్తూ ఇద్దరూ అరవంలో మాట్లాడుకుంటున్నారు.

"ఇంట్లో కట్టుబాటు ఉంటే డబ్బు నిలుస్తుంది. డబ్బు నిలిస్తే ఒళ్లు నిలుస్తుంది. వీళ్లు వక్కాకు మానితే చాలు," అన్నాడు కుళందైసామి.

"అంతకంటే ముందు నీళ్లు కాచి తాగాలి," అన్నాడు డాక్టరు.

ముందు వరసలో ముసలి రంగమ్మాళ్ పక్కదాన్ని మోచేత్తో పొడిచింది. "కట్టెలు ఎవురిస్తారంట? ఆయన కుర్చీ ఇరిచి పొయిలో పెట్టమంటాడా? వక్కాకు మానితే నాకు మిగిలేది ఈ రెండు పండ్లే. వాటిని ఆ సంగంలో కట్టేదా?"

నవ్వుల మధ్య నుంచి దారి చేసుకుని చిన్నతాయి అరుగు దగ్గరికొచ్చి ఆకు విప్పింది.

"డాక్టరయ్యా, నా మొగుడి నరం. తెగిపోయె. కాలు నల్లబడె."

నారాయణన్ భూతద్దం తీసి చాలాసేపు చూశాడు.

"ఇది నరం కాదమ్మా. పురుగు."

సభలో నవ్వు ఆగిపోయింది. నరమైతే ఎవరి తప్పూ లేదు. పురుగైతే ఎక్కడి నుంచో రావాలి. ఎవరో తేవాలి.

డాక్టరు లేచి నిలబడ్డాడు. "ఇది తాగే నీళ్లతో లోపలికి పోతుంది. ఏడాది పాటు ఒంట్లో పెరిగి కాలిలోంచి బయటికొస్తుంది. మంట తాళలేక ఆ కాలు నీళ్లలో పెట్టారా, వేలకు వేలు పిల్లల్ని కక్కుతుంది. అంటే పోయినేడు ఇదే నెలలో ఎవరో పుండుకాలితో మీ బావిలో దిగారు. ఎవరు?"

మణియమే ముందు నోరు తెరిచాడు.

"ఇంగెవురు? మాడసామే. పోయినేడు వాని కాలు నేనే చూస్తిని. దిగాకురా అంటే వింటేనా?"

పొన్నుత్తాయి చివాలున లేచింది. ఆమె కూతురు రెండు కాళ్లకూ పుల్లలు కట్టుకుని పడి ఉంది. "పాపీ! నా బిడ్డ పత్తికి పొయ్యి నెలాయె గద! నీ మొగుడు నా ఇంటికి పురుగు తెచ్చెనా?" అని గుప్పెడు మట్టి తీసి చిన్నతాయి మొహాన కొట్టింది.

చిన్నతాయి కళ్లు తుడుచుకుంది. "పోయిన పంగునిలో ఆయన ఊళ్లోనే లేడక్కా. విరుదునగరంలో పత్తి బేళ్లు మోస్తా ఉండె, నాలుగణాల కూలికి."

"నడమధ్యన వచ్చి పోతా ఉండె గద," అన్నాడు మణియం.

అప్పుడు ఆమెకు గుర్తొచ్చింది. పోయిన పంగునిలో ఒక తెల్లవారుజాము. అందరికంటే ముందు బిందెతో మెట్లు దిగితే, కింది మెట్టు మీద తనకు మామ వరసయ్యే మణియం కూర్చుని ఉన్నాడు. పిక్క దాకా కాలు నీళ్లలో ఉంది. మొహంలో, మండే పుండు మీద వెన్న రాసినంత హాయి. "వాతం కోడలా, చల్లగుంటే నొప్పి తగ్గుతుంది," అన్నాడు. ఆ ఎండాకాలమంతా ఆయన కర్రతో నడిచాడు. ఆమె ఆ పక్కనే బిందె ముంచుకుని ఇంటికి పోయింది. ఆ నీళ్లు మాడసామి వచ్చి తాగాడు. ఊరంతా తాగింది.

ఆమె చూపు తన మీద నిలవడం మణియం గమనించాడు. గొంతు మెత్తబడింది.

"పావం, కాలు కుళ్లుతా ఉండాది. నా బండి కట్టిస్తా, కోవిల్‌పట్టి ఆసుపత్తిరికి తీసకపో. డాక్టరయ్య కాయితం రాస్తాడు, సుమ్మా, ఊరికే ఒక వేలు వెయ్యి. వాని వల్లనే వచ్చె, ఇంగ మీ ఇంటోళ్లు బావి పక్కకు రారు అని. అంతే."

"కారణం రాస్తేనే నాకూ పని ముగుస్తుంది," అన్నాడు డాక్టరు. ఆ మధ్యాహ్నం ఆయనకు భోజనం లోపల వండుతున్నారు.

"అయ్యా, ఆయన బతుకుతాడా?"

"ఈ పొద్దే చేరితే కాలు తీసి ప్రాణం నిలపొచ్చు. రేపటికి చెప్పలేను."

ఇద్దరు మగవాళ్లు మాడసామిని మోసుకొచ్చి బండిలో గడ్డి మీద పడుకోబెట్టారు. పాలేరు ఎద్దుల్ని కాడికి కట్టాడు. కాగితం మీద సిరా ఆరుతోంది. చిన్నతాయి బొటనవేలు పట్టుకుని కుళందైసామి మసి రాశాడు. ఇంకో బావి రెండు మైళ్ల అవతల, పుదూరు దారిలో ఉంది. ఆ దూరం ఇంక ఆమె తలమీదే. ఈ బావిలో మాత్రం వచ్చే పంగునికి మళ్లీ ఎవరి కాలో చల్లబడుతుంది.

"ఏమి రాసినారు?" అన్నాడు మాడసామి బండిలోంచి.

ఆమె చెప్పింది. అతను గడ్డి మీద మోచేయి ఆన్చి తల పైకెత్తాడు.

"వేలెయ్యాకు."

"బండి పోదయ్యా."

"పోకుంటే పోనీ. కాలు ఎట్లాగూ పోతుంది. ఊరికి పురుగు పెట్టినోడని బిడ్డల్ని అనిపించేకి నేను బతకాల్నా? వెయ్యాకు."

చిన్నతాయి వేలు వెనక్కి తీసుకుని, మసిని చీరకు తుడుచుకుంది. పాలేరు మణియం కళ్లలోకి చూసి, ఎద్దుల మెడల నుంచి పట్టెడ తాళ్లు విప్పడం మొదలుపెట్టాడు.

"నా మొగుడు కాదు. బావిలో కాలు పెట్టింది నేను చూస్తిని," అంది ఆమె డాక్టరుతో.

"ఎవరు?"

"మామ."

డాక్టరు విసుక్కున్నాడు. "ఊళ్లో సగం మంది నీకు మామలే గదమ్మా. కాగితం మీద మామ అని రాస్తారా? పేరు చెప్పు."

మామ వరస వాడి పేరు కోడలు నోట పలకదు. పలికితే నాలుక పుచ్చుతుందంటారు. పెళ్లయిన పద్నాలుగేళ్లలో చిన్నతాయి ఆ పేరు ఒక్కసారి కూడా అనలేదు. కొడుక్కి కూడా ఆ అక్షరంతో మొదలయ్యే పేరు పెట్టలేదు.

"వద్దు కోడలా," అన్నాడు మణియం, చాలా నెమ్మదిగా.

కాడి ధన్‌మని నేలకు ఆనింది. బండిలో మాడసామి మూలిగాడు. చిన్నతాయి చెరగు తల మీంచి తీసి నడుముకు దోపుకుంది.

"రంగప్ప," అంది. వెనక కూర్చున్నవాళ్లకు వినబడిందో లేదోనని మళ్లీ అంది. "రంగప్ప."