వణుకు చచ్చే చోటు

గిన్నెలో నీళ్ళు మళ్ళీ వణికాయి. ముక్కాలి వంగి, కళ్ళు గిన్నె అంచుకు సమంగా పెట్టి చూశాడు. స్టాండు నెత్తిన, కెమెరా కూర్చోవాల్సిన చోట, చిన్న సత్తు గిన్నె. అందులో నీళ్ళు నిలబడితే ఫోటో నిలబడుతుంది. అంతే అతని చదువు.

"చావవే," అని స్టాండును తిట్టి, కీలు విప్పాడు.

షెడ్డులో అందరికీ అతను ముక్కాలే. చేసేవి మూడుకాళ్ళ కెమెరా స్టాండ్లు. మోకాలు పోయినప్పటినుంచి నడిచేది చేతికర్రతో. రెండు రకాలా సరిపోయింది. ఆ పేరు పెట్టినవాడు మొహమాటపడలేదు, ఇతనూ నొచ్చుకోలేదు. పొట్టి మనిషి. ఇనుప పొడి ఇంకిన వేళ్ళు, జేబు మీద నూనె మరక, చెవి వెనక మొండి పెన్సిలు. ఫోటో తీసినవాడికి పేరొస్తుంది, కెమెరాకూ పేరుంటుంది. కింద నిలబడి మోసేదాన్ని ఎవడు చూస్తాడు? స్టాండు ఫోటోలో పడదు. దాన్ని చేసినవాడు అసలే పడడు.

మేస్త్రీ వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

"ఇంకా దాంతోనేనా? ఆర్డరు స్టాండ్లకి మరలు బిగించేదెవరు, మీ తాతా?"

"మా తాత చేతులు నాకంటే గట్టివి. పిలువు, వస్తాడేమో."

"ఇంత అవస్థ దేనికయ్యా? బరువు పెంచు. అదే కదలకుండా పడుంటుంది."

"మోసేది నువ్వా?"

మేస్త్రీ గొణుక్కుంటూ పోయాడు. మోసేది ముక్కాలి చెల్లెలు. సందు చివర మేడ మీద ఆమె ఫోటో స్టూడియో. జబ్బుపడి లేచాక ఆమె చేతులు వణకడం మొదలైంది. బరువు ఎత్తలేదు. తేలిక స్టాండు ఇస్తే, చేతి వణుకంతా దాంట్లోకి పాకుతుంది. ఎన్నో ఫోటోలు అలుక్కుపోయాయి. వచ్చేవాళ్ళు వేరే మెట్లు ఎక్కుతున్నారు.

ఆ సాయంత్రం బట్టల మిల్లులో ఆఖరి షిఫ్టు. తాళం పడేముందు కార్మికులంతా మగ్గాల మధ్య నిలబడి ఒక ఫోటో దిగాలనుకున్నారు. వణుకు సంగతి తెలిసీ ఆమెనే అడిగారు. ఫ్లాషు వేస్తే ముందువాళ్ళు తెల్లగా మాడిపోతారు, వెనక వరసలు చీకట్లో కలిసిపోతాయి. కెమెరా కన్ను నిదానంగా తెరిచి ఉంచాలి. అంతసేపూ స్టాండు రాయిలా ఉండాలి. పాడైతే మళ్ళీ తీద్దామంటే ఆ మనుషులు దొరకరు. యజమాని మగ్గాలు అమ్ముకుంటాడు, రేకులు అమ్ముకుంటాడు, గోడలు కూడా అమ్ముకుంటాడు. ఆ మొహాలు వాడికి అక్కర్లేదు.

మధ్యాహ్నం చెల్లెలు మెడలో కెమెరాతో వచ్చింది. అతను గిన్నె చూపించాడు. నీళ్ళు అద్దంలా ఉన్నాయి.

"చూశావా?"

ఆమె స్టాండు మీద చెయ్యి వేసింది. నీళ్ళు చిందాయి.

"నువ్వు ఊపిరి బిగబట్టి దూరంగా నిలబడి చూస్తావు అన్నయ్యా. నేను దీన్ని ముట్టుకోవాలి కదా."

"కెమెరాకి వైరు తగిలించి దూరంనుంచి నొక్కవే."

"ఫోకసు తిప్పేదెవరు, వైరా?"

అతను నవ్వబోయి ఆగిపోయాడు. ఇన్నేళ్ళూ వణకని స్టాండు చేద్దామనే చూశాడు. స్టాండును ముట్టుకునే చెయ్యిని లెక్కలోకే తీసుకోలేదు. చెయ్యి పడితే ఏదైనా వణుకుతుంది. వణకనీ. చెయ్యి తీశాక ఆ వణుకు ఎంత తొందరగా చస్తుంది? అదీ చూడాల్సింది.

"మళ్ళీ ముట్టుకో. ముట్టుకుని వదిలెయ్."

ఆమె వదిలింది. నీళ్ళు చాలాసేపు వణుకుతూనే ఉన్నాయి. లోహం మీద లోహం. కొట్టిన గంటలా మోగుతూనే ఉంది. గంటను చేత్తో పట్టుకుంటే నోరు మూస్తుంది. దీనికీ పైకీళ్ళ దగ్గర అలాంటి చెయ్యి ఒకటి కావాలి.

తోలు ముక్కలు పెట్టాడు. కీళ్ళు వదులయ్యాయి. కొత్త రబ్బరు పెట్టాడు. మెత్తగా ఉండి స్టాండు తల వాల్చేసింది. అట్ట, గుడ్డ, చెప్పు అడుగు. బిగించడం, విప్పడం, తిట్టడం. మధ్యలో ఒకసారి ఎడమ భుజం నొక్కుకున్నాడు.

"ఏమైంది?"

"వంగి వంగి పట్టేసింది. నీళ్ళు చూడు, నన్నెందుకు చూస్తావు?"

ఇంకో ముక్క కోసం లేచాడు. చేతికర్ర సిమెంటు నేల మీద చప్పుడు లేకుండా ఆనింది. అతను కిందికి చూశాడు. కర్ర అడుగున తొడిగిన రబ్బరు ఏళ్ళ తరబడి అతని బరువు మోసి బిరుసెక్కింది. కొత్తదానిలా మెత్తన కాదు, రాయీ కాదు. దాన్ని ఊడబీకి, బిళ్ళలుగా కోసి, ఒక్కో కాలి కీలులో ఒక్కోటి పెట్టి బిగించాడు.

ఆమె ముట్టుకుంది. నీళ్ళు వణికాయి. వదిలింది. ఆగిపోయాయి.

మళ్ళీ ముట్టుకుంది. మళ్ళీ ఆగాయి.

"ఆగింది అన్నయ్యా!"

"ఆగదూ మరి? కాలు కోసిచ్చాను."

"కర్ర జారుతుంది. ఎలా నడుస్తావు?"

"ఇప్పుడు నేనెక్కడికి పోవాలి? పో, వెలుతురు పోతోంది."

ఆమె గిన్నె తీసి బల్ల మీద పెట్టి, స్టాండును గొడుగులా చంకలో ఇరికించుకుంది. ఒక్క చేత్తోనే. వెనక్కి చూడకుండా గబగబా నడిచింది. ఆ నడక కనిపించినంతసేపూ చూసి, అతను స్టూలు మీద కూర్చుని గోడకు ఆనుకున్నాడు.

మిల్లు సైరను ఆఖరిసారి మోగి ఆగింది. మేస్త్రీ తలుపులు మూయడానికి వచ్చాడు.

"ఇంకా ఆ గిన్నెలో ఏం చూస్తావయ్యా, నీళ్ళు లేచి ఆడతాయా?"

ముక్కాలి కదల్లేదు. మేస్త్రీ దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. చల్లగా తగిలింది. కాసేపు చెయ్యి తీయలేదు. తర్వాత ఆడుతున్న యంత్రాలన్నీ ఒక్కొక్కటే ఆపేశాడు.

ఫోటో వచ్చింది. వెనక వరస చివరి మనిషి చొక్కాకు గుండీ ఊడిన సంగతి కూడా తెలుస్తోంది. కాపీ ఒకటి పట్టుకుని చెల్లెలు షెడ్డుకు వచ్చింది. బల్ల పక్కన చేతికర్ర అలాగే ఉంది. మట్టికి, చెమటకి నల్లబడిన కర్ర. అడుగున, రబ్బరు ఉన్నంతమేర మాత్రం, నిన్న చెక్కినట్టు తెల్లగా ఉంది.