కూర్చుంటే విశ్రాంతి

టీ సగం గిన్నెకే పోయాలి. నిండా పోశారంటే ఇక లేచి వెళ్ళమని అతిథికి చెప్పినట్టే. ఈ ముక్క బెగిమాయ్‌కి ఎవరూ ప్రత్యేకంగా నేర్పలేదు. ఆ కొండల నడుమ నరీన్ ఊళ్ళో పుట్టిన ఆడపిల్లకి అది ఉగ్గుపాలతోనే వస్తుంది. సగం సగం పోస్తే ఒక్కో మనిషీ పది గిన్నెలు తాగుతాడు. అంటే కోడలు పదిసార్లు అందుకోవాలి, పదిసార్లు పాలు కలపాలి, పదిసార్లు రెండు చేతులా అందించాలి. మర్యాద వాళ్ళది, రెక్కలు ఈవిడవి. ఏడేళ్ళుగా తలుపు పక్కన, టీ నీళ్ళు కాగే సమోవార్ దగ్గర, చలిగాలి కాళ్ళని కొరికే చోట కూర్చుని పోస్తూనే ఉంది. తన గిన్నె మాత్రం ఏనాడూ వేడిగా తాగి ఎరగదు.

ఈవేళ వచ్చిన అతిథి పక్కవీధి తుర్దుకాన్. రొట్టె తుంచి వెన్నలో అద్దుకుంటూ వచ్చిన పని తాపీగా చెప్పింది. ఆ రోజు మా ఇంట్లో కూర్చుని మీరు రాసుకున్న కాగితం నాకొకటి ఇవ్వు నాయనా అని బెగిమాయ్ మొగుడు కుబాత్‌ని అడిగింది. తన కోడలి పుట్టింటివాళ్ళు రేపు దిగుతున్నారట. తమ పిల్లచేత గొడ్డుచాకిరీ చేయించి కడుపు పోగొట్టారని ఊరంతా చాటుతున్నారట.

"ఆ పూట దాన్ని కూర్చున్న చోటునుంచి కదలనివ్వలేదు నేను. మీరు కళ్ళారా చూశారు. ఆ కాగితం వాళ్ళ మొహాన పెట్టి, లోపం మీ పిల్ల ఒంట్లోనే ఉంది, తీసుకుపొండి అంటాను."

కుబాత్ తలూపాడు. "ఉంది పెద్దమ్మా. మా ఇద్దరి సంతకాలూ పడితే ఎవరూ కాదనలేరు."

బెగిమాయ్ చేతిలో గరిటె ఆగింది. ఆ కాగితంలో సగం గీతలు తనవి.

కుబాత్ మనస్తత్వశాస్త్రంలో పెద్ద పట్టా కోసం పరిశోధన చేస్తున్నాడు. ఇళ్ళలో మనుషులు ఏం చేస్తూ గడుపుతారో ఉన్నదున్నట్టు నమోదు చేయాలి, అంతే. రోజంతా రాయడం ఎవరి తరమూ కాదు కాబట్టి చేతి గడియారం పది నిమిషాలకోసారి కూస్తుంది. కూసిన క్షణంలో ఎవరేం చేస్తున్నారో చూసి పని, విశ్రాంతి, తిండి, తగువు అనే గడుల్లో ఒకదాంట్లో గీత పెట్టాలి. మధ్యలో ఇల్లు కూలినా రాయకూడదు. ఇద్దరు మనుషులు చెరో మూలా కూర్చుని విడివిడిగా గీయాలి. ఇద్దరి గీతలూ కలిస్తేనే అది శాస్త్రం. రెండో మనిషికి జీతం ఇవ్వడం దండగని కుబాత్ పెళ్ళాన్నే కూర్చోబెట్టాడు. చదువుకునే రోజుల్లో అతనికంటే ఆమెకే ఎక్కువ మార్కులు వచ్చేవన్న సంగతి ఇప్పుడు ఇద్దరికీ గుర్తులేదు, లేదా గుర్తులేనట్టు ఉంటారు. గీతలు నూటికి తొంభై అయిదు కలిసేవి. మొగుడూ పెళ్ళాలకి కాక ఇంకెవరికి కలుస్తాయి అని అతని స్నేహితులు నవ్వేవారు.

ఏ గడిలో ఏది పడాలో నియమాలు రాసింది కూడా కుబాతే, ఈ బొంత మీదే, ఆమె పోసిన టీ తాగుతూనే. నిలబడి ఉంటే పని, కూర్చుని ఉంటే విశ్రాంతి. మరి టీ పోస్తూ కూర్చుంటే అని అప్పుడొకసారి అడిగింది. టీ దగ్గర కూర్చోవడం కూడా పనేనా, అయితే మా అమ్మకి ఈపాటికి పింఛను రావాలి అన్నాడు. అత్తగారు కాలిపా నవ్వింది. బెగిమాయ్ కూడా నవ్వింది. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పుడు ఒళ్ళు మండుతుంది.

తుర్దుకాన్ కోడలు మీరిమ్‌కి అయిదో నెల. ఆ రోజు వాళ్ళింటికి తుర్దుకాన్ కూతుర్నిచ్చిన వియ్యాలవారు వచ్చారు. వియ్యాలవారు తాగుతుండగా కోడలు సమోవార్ వదిలి లేచిందంటే తరతరాలు చెప్పుకుంటారు. రెండున్నరకి కూర్చుంది మీరిమ్. మూడున్నరయ్యేసరికి పెదవి మీద చెమట. నాలుగింటికి తలగుడ్డ కొస పళ్ళ మధ్య కరిచిపెట్టుకుంది. చేతులు మాత్రం పోస్తూనే ఉన్నాయి, సగం, సగం. ఒక గిన్నె ఒలికితే తుర్దుకాన్ నవ్వుతూనే, ఏమిటమ్మా నీ చేతులకి ఎముకలు లేవా అంది. గడియారం కూసింది. మీరిమ్ తలెత్తి సూటిగా బెగిమాయ్ వంక చూసింది. పరిశీలించేవాళ్ళు ఇంట్లో సామానులా ఉండాలి, కలగజేసుకోకూడదు, అది నియమం. బెగిమాయ్ తల దించుకుని గీత పెట్టింది. విశ్రాంతి.

తెలియక పెట్టిందా? తెలిసే పెట్టింది. తనకి అబార్షన్ అయిన మూడో రోజున తనూ అలాగే కూర్చుని పన్నెండుమందికి పోసింది. ఆ చెమట ఎలాంటిదో తన ఒంటికి తెలుసు.

అయిదింటికి పరిశీలన ముగిసింది. పదిహేను కూతలు, పదిహేను గీతలు, కుబాత్‌వీ పదిహేనే, ఒక్కటి తేడా లేదు. చూశావా అంటూ అతను మురిసిపోయాడు. వియ్యాలవారు లేచారు. వాళ్ళ వెనకే మీరిమ్ లేచింది. ఆమె కింద పరిచిన ఊలు తివాచీ తడిసి నల్లగా ఉంది. తుర్దుకాన్ ముందు తివాచీ చూసింది, తర్వాతే పిల్లని చూసింది. అప్పటికి అయిదు దాటింది గనక అది ఏ గడిలోకీ రాలేదు.

ఆసుపత్రికి బెగిమాయ్ ఒక్కతే వెళ్ళింది. మీరిమ్ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. ఎందుకు చెప్పలేదే, నన్ను పిలవకపోయావా అని బెగిమాయ్ అడిగింది, అడగడానికి సిగ్గుపడుతూనే.

"నువ్వు రాస్తున్నావు కదా అక్కా," అంది మీరిమ్. "నొప్పి కూడా రాస్తున్నావనుకున్నా."

ఆ మాటతోనే బెగిమాయ్ వారం రోజులుగా నిద్ర లేస్తోంది, ఆ మాటతోనే పొయ్యిలో బొగ్గు వేస్తోంది.

"కాగితం తీసుకురా," అన్నాడు కుబాత్ ఇప్పుడు, తుర్దుకాన్ ఎదుట. తెచ్చింది. అతను ముందే సంతకం పెట్టి కలం ఆమె ముందుకు తోశాడు. పెట్టకపోతే ఏమవుతుందో ఆమెకి తెలుసు. పెడితే ఏమవుతుందో ఇంకా బాగా తెలుసు. రేపు మధ్యాహ్నానికి మీరిమ్‌ని లోపమున్న సరుకని వెనక్కి పంపేస్తారు, ఆ రుజువు మీద తన పేరుంటుంది.

బెగిమాయ్ కలం తీసుకుంది. తన వరసలో విశ్రాంతి గడిలోని మొదటి గీత కొట్టేసి, పని గడిలో పెట్టింది. రెండోది కొట్టేసింది. తొందరపడకుండా పదిహేనూ మార్చింది. కింద తేదీ వేసి రాసింది: మూడున్నర నుంచి నొప్పి ఉంది, నేను చూశాను, తప్పుగా గీశాను. దాని కింద సంతకం పెట్టింది.

కుబాత్ మొహం పాలిపోయింది. "పిచ్చా నీకు? ఒక్క రోజు కలవకపోతే యూనివర్సిటీవాళ్ళు మొత్తం కాగితాలన్నీ మళ్ళీ తీస్తారు. మూడేళ్ళ కష్టం."

"మళ్ళీ తీయనీ. నా గీతలన్నీ మారుస్తాను."

"కొట్టేసిన కాగితం నాకెందుకు?" అంది తుర్దుకాన్. కాలిపా గొంతు సవరించుకుని, అతిథి గిన్నె ఖాళీగా ఉంది, ముందు ఆ సంగతి చూడమ్మాయ్ అంది. ఇలాంటప్పుడు ఆ ఇంట్లో ఎప్పుడూ అనే మాటే అది.

బెగిమాయ్ గిన్నె అందుకుంది. టీ పోసింది. సగం దగ్గర ఆగలేదు. అంచుదాకా నింపి, రెండు చేతులా, మర్యాదగా, తుర్దుకాన్ ముందు పెట్టింది. తుర్దుకాన్ ఆ గిన్నె వంక చూసి, శాలువా వెతుక్కుంది.

తర్వాత కుబాత్ గిన్నె కూడా అంచుదాకా నింపింది.

"ఇల్లు వాడిది," అంది కాలిపా, మెల్లగా, నిజంగానే అర్థం కాక. "వాణ్ణి ఎక్కడికి పొమ్మంటావు?"

బెగిమాయ్ తన గిన్నెలో చల్లారిన టీ పారబోసి, అందులోనూ అంచుదాకా పోసుకుంది. వేడివేడిగా చివరి చుక్కదాకా తాగి, లేచింది.