సొన కాదు

వేసవి వచ్చిందంటే నర్సు లేయాకి ఊపిరాడేది కాదు. నూజివీడు చుట్టుపక్కల తోటల్లో కాయ కోసేవాళ్లూ, షెడ్లలో బుట్టలు కట్టేవాళ్లూ మామిడి సొన పడి చర్మం కాలిందంటూ నర్సింగ్ హోమ్‌కి వరసకట్టేవాళ్లు. రిజిస్టర్లో పేరు, పక్కన "సొన" అని రాసి, మందు పూసి పంపేసేది. మనిషి ముఖం చూసే తీరిక ఎక్కడిది?

1986 మే నెలలో ఓ ఉదయం మామిడికాయల వ్యాపారి శ్రీరాములు తన భార్య పార్వతిని తీసుకొచ్చాడు.

"మళ్లీ సొనేనండీ సిస్టరు గారూ! షెడ్డుకి రావద్దంటే వినదు. మా ఆవిడకి నాకంటే కాయలంటేనే ప్రేమ!" అని తనే నవ్వుకున్నాడు.

పార్వతి చెయ్యి చూసి లేయా ఉలిక్కిపడింది. సొన కారితే చారలా కాలుతుంది. ఇవి గుండ్రంగా, సిగరెట్టు మొనంత ఉన్నాయి. మూడు, పక్కపక్కనే.

"మా దగ్గర టెటనస్ ఇంజెక్షన్లు అయిపోయాయండీ. బజార్లో కొనుక్కురండి."

"మనిషిని పంపిస్తా."

"ఐసులో పెట్టించి జాగ్రత్తగా తేవాలి. పాడైతే మళ్లీ మీకే తిరుగుడు."

గొణుక్కుంటూ వెళ్లాడు. లేయా తలుపు గడియపెట్టింది.

"సొన కాదు కదండీ?"

పార్వతి కళ్లలో నీళ్లు లేవు. "కాదు. నిన్న స్టేషన్‌కి వెళ్లాను. డాక్టరు కాగితం తెస్తే కేసు కడతానన్నాడు ఎస్సై. అది ఇప్పించండి. బాపులపాడులో మా అక్క దగ్గరికి పోతాను. వట్టి చేతులతో వెళితే మా బావ మళ్లీ ఈయనకే అప్పజెబుతాడు, పోయినసారిలాగే."

లేయా గాయాల వివరం రాసి డాక్టరు వెంకటకృష్ణారావు ముందు పెట్టింది. నర్సింగ్ హోమ్ ఆయనదే. ఆయన సంతకం పెట్టలేదు. రిజిస్టరు వెనక్కి తిప్పాడు.

"నిరుడు రెండుసార్లు, మొన్న ఒకసారి. అదే మనిషి, అదే చెయ్యి, నీ చేతిరాత. అన్నిటికీ సొన! కోర్టులో వాళ్ల ప్లీడరు ఇది చదివితే ఈ కాగితం ఎందుకు పనికొస్తుంది?"

"అప్పుడు ఆమెను అడగలేదండీ. మొగుడు చెప్పిందే రాశాను."

"ఆ ముక్క రాసిస్తావా? రాస్తే నేనూ సంతకం పెడతాను. కానీ రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు. అడక్కుండా రాసే నర్సుందని తెలిస్తే నా దగ్గరికి ఎవడొస్తాడు?"

ఇల్లు గడిచేది లేయా జీతంతోనే. కుర్చీ లాక్కుని కూర్చుంది. మూడు తేదీలూ వేసి, "గాయం ఎలా అయిందో ఈమెను నేను అడగలేదు" అని రాసి సంతకం చేసింది. డాక్టరు తల ఎత్తకుండా తనదీ గీశాడు.

వెనక గుమ్మం దగ్గర రిక్షా ఆపించి కాగితం పార్వతి చేతిలో పెట్టింది. "ముందు స్టేషన్‌కి వెళ్లండి. తర్వాతే బస్సు."

పార్వతి నిలబడే అంతా చదివింది.

"మొదటిసారి ఆయన బయట ఎవరితోనో మాట్లాడుతున్నాడు. పావుగంట మీ ఎదురుగానే ఉన్నాను. మీరు అడుగుతారేమోననే లేవలేదు, సిస్టరు గారూ."

రిక్షా కదిలింది.

లేయా టిఫిన్ క్యారేజీ సర్దుకుంది. ఇంటికి మాత్రం వెళ్లలేదు. ముందుగదిలో గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని శ్రీరాములు కోసం కూర్చుంది. అతన్ని ఎంతసేపు ఆపగలిగితే రిక్షా అంత దూరం పోతుంది.