ఈ ఇంటి కోడళ్ళ జబ్బు

తాళంచెవి ఫ్రిజ్‌లో దొరికింది. పాలగిన్నె వెనకాల, నిమ్మకాయల పక్కన చల్లగా కూర్చునుంది. పొద్దున్నించీ దాన్ని వెతికింది చిన్నకోడలు ఒక్కతే. దొరికాక నవ్వడానికి మాత్రం మొగుడు వంటింటి గుమ్మంలో సిద్ధంగా ఉన్నాడు. "వచ్చేసింది," అన్నాడు. "మన ఇంటి కోడళ్ళ జబ్బు నీకూ వచ్చేసింది."

ఆ ఇంట్లో ఆ మాట పాతదే. అత్తగారు ఒకప్పుడు బియ్యం కడిగి, నీళ్ళు దాచి బియ్యం పారబోసిందట. పెద్దకోడలు ఒక కాలికి నల్లచెప్పు, ఇంకో కాలికి గోధుమరంగు చెప్పు వేసుకుని పెళ్ళికి వెళ్ళిందట. చుట్టాలొస్తే చాలు, ఈ కథలు మంచినీళ్ళతో పాటే బయటికొచ్చేవి. మతిమరుపు, మధ్యాహ్నానికల్లా నీరసం, మెడ నుంచి మోకాళ్ళదాకా నొప్పులు. "మా ఇంటి ఆడవాళ్ళకి వంశపారంపర్యం" అని మామగారు బతికున్నంతకాలం చెప్పేవాడు, అదేదో ఆస్తి వచ్చినట్టు. అందరూ నవ్వేవారు. కోడళ్ళు కూడా నవ్వేవారు, నవ్వకపోతే మూతి ముడుచుకుందంటారు కాబట్టి.

చిన్నకోడలు పనిచేసేది ఒక పరిశోధన ల్యాబులో. ట్యూబుల్లో వచ్చిన రక్తంలోంచి కణాలు వేరుచేసి, ఆ కణాల్లోంచి యంత్రం చదవగలిగే సరుకు తీసివ్వడం ఆమె పని. చెయ్యి వణకదని పేరుంది. ఆమె తీసిచ్చిన సరుకుని ఎవరెవరో కంప్యూటర్లో పెట్టి ఏవేవో కనిపెట్టేవారు, ఈమె తర్వాతి ట్రే అందుకునేది. ఇన్నేళ్ళకి పెద్దమేడం పిలిచి, "నువ్వు తీసిన వాటిని నువ్వే చదవడం నేర్చుకోరాదూ? ఎనలిస్టు పోస్టు ఒకటి రాబోతోంది" అంది. ఇంట్లో చెబితే మొగుడు పేపరు దించకుండానే అన్నాడు. "నేర్చుకో, కాదన్నానా? మధ్యాహ్నానికి మాత్రం ఇంటికొచ్చెయ్. మిగతా టైమంతా నీదే."

మిగతా టైమంటే ల్యాబులో పొద్దుటి టిఫిను విరామం. డబ్బా ఒక చేత్తో, మౌస్ ఒక చేత్తో పట్టుకుని, నలభై దాటాక మళ్ళీ ఓనమాలు దిద్దింది. నేర్పేది లెక్కలమ్మాయి. ల్యాబులో అందరూ ఆ పిల్లని అలాగే పిలుస్తారు, ఆమె ఈమెకన్నా పదిహేనేళ్ళు చిన్నది. ఒక కామా తప్పితే తెరనిండా ఎర్రటి తిట్లు వచ్చేవి. మొదట్లో ఆ తిట్లకి చిన్నకోడలు ప్రాణం గతుక్కుమనేది. "ఇది మిమ్మల్ని తిట్టడం కాదండీ," అంది లెక్కలమ్మాయి. "ఎక్కడ తప్పిందో చెబుతోంది, అంతే." తప్పు చూపించి, ఎత్తిపొడవకుండా ఊరుకునేదాన్ని ఆమె అంతవరకూ చూడలేదు. కంప్యూటరంటే ఇష్టం అక్కడ మొదలైంది.

నేర్చుకోవడానికి ఇచ్చిన డేటా కూడా ఆమె చేతిమీదుగా వెళ్ళినదే. ఎప్పుడూ నీరసం, ఒళ్ళంతా నొప్పులు, మతిమరుపు ఉండి, ఏ పరీక్షలోనూ ఏమీ తేలని ఆడవాళ్ళ మీద ఆ పరిశోధన. డాక్టర్లు వాళ్ళని "అంతా మనసులోనే ఉందమ్మా" అని పంపేసేవారు. అలాంటి ఆడవాళ్ళ రక్తమూ, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ రక్తమూ పక్కపక్కన పెట్టి, వేలకొద్దీ జన్యువుల్లో ఏది ఎంత చురుగ్గా పనిచేస్తోందో కొలిచి చూడాలి. ఆ రోగుల్లో పెద్దకోడలు ఒకతె. బతిమాలి తీసుకెళ్ళింది ఈమే. రక్తం ఇస్తూ పెద్దకోడలు అంది, "ఏదో ఒకటి ఉందని తేలితే బావుణ్ణే. పేరులేని నొప్పికి ఇంట్లో మర్యాద లేదు."

డేటా అంటే పెద్ద పట్టిక. అడ్డవరసకో జన్యువు, నిలువు వరసకో మనిషి. ఆ మనిషిని, అన్ని వేల అంకెల మనిషిని, కుదించి కుదించి ఒక్క చుక్కగా చేసి గ్రాఫు మీద పెట్టడం లెక్కలమ్మాయి నేర్పింది. పోలికలు కలిసినవాళ్ళు దగ్గరగా పడతారు, కలవనివాళ్ళు దూరంగా పడతారు. చిన్నకోడలు తనంతట తాను గీసిన మొదటి గ్రాఫులో ఎర్రచుక్కలన్నీ ఎడమవైపు, నీలంచుక్కలన్నీ కుడివైపు గుంపుకట్టి కూర్చున్నాయి. రోగులు ఎరుపు. మధ్యలో ఖాళీ. పెద్దమేడం కుర్చీలోంచి లేచొచ్చి భుజం తట్టింది. లెక్కలమ్మాయి మాత్రం, "ఇంత శుభ్రంగానా?" అని ఊరుకుంది. అది మెచ్చుకోలనుకుంది ఈమె.

ఎవరి చుక్క ఏదో బయట చెప్పకూడదని నియమం. ట్యూబు మీద పేరుకి బదులు రాసిన కోడు తన చేతిరాతే, ఎలా తెలియకుండా ఉంటుంది? మెట్లమీద నిలబడి ఫోన్ చేసింది. "అక్కా, తేలింది. నీ రక్తంలోనే ఉంది. మనసులో కాదు." అవతల ముక్కు చీదిన చప్పుడు. "నిజంగా ఉందీ?" అంది పెద్దకోడలు, పరీక్ష పాసైన పిల్లలా.

నెత్తిన పాలు పోసినట్టయింది, వేరు కాపురం ఉంటున్న పెద్దకోడలి ఇంటికి. బావగారు, అన్నం తిన్న కంచం జరిపి కూడా ఎరగని మనిషి, చొక్కా చేతులు మడిచి గిన్నెలు తోమడం మొదలెట్టాడు. "రక్తంలోనే ఉందట పాపం" అని పక్కింటివాళ్ళకి తనే చెప్పుకున్నాడు. పెద్దకోడలు కిటికీ పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేది. చిన్నకోడలు వెళ్ళినప్పుడు ఆ కుర్చీ చూసి కళ్ళు చెమర్చాయి. ఇన్నేళ్ళ కాపురంలో అక్క పగటిపూట కూర్చోవడం ఆమె చూడలేదు.

తర్వాతి పాఠం రంగులు మార్చడం. "జబ్బునిబట్టి వేశాం కదా," అంది లెక్కలమ్మాయి. "ఇప్పుడు వయసునిబట్టి వెయ్యండి. తర్వాత రక్తం తీసిన వేళనిబట్టి. తర్వాత ట్యూబు ఎవరి చేతిమీద తయారైందో దాన్నిబట్టి. గుంపులు ఎందుకు కట్టాయో వాటినే అడగాలి, మనం చెప్పకూడదు." వయసునిబట్టి వేస్తే రంగులన్నీ కలగాపులగంగా పడ్డాయి. వేళనిబట్టి వేసింది. ఎడమవైపు గుంపంతా ఒకే రంగు, కుడివైపు గుంపంతా ఇంకో రంగు. చేతినిబట్టి వేసింది. అదే బొమ్మ. ఎడమవైపంతా ఆమె చెయ్యి, పొద్దుటిపూట. కుడివైపంతా సాయంత్రం డ్యూటీ మనిషి చెయ్యి. ఎక్కడా ఒక్క చుక్క తప్పలేదు.

చిన్నకోడలు డబ్బా మూత పెట్టేసింది.

ఎలా జరిగిందో ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు. రోగులు పొద్దున్న క్లినిక్కి వచ్చేవారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు ఉద్యోగాలు ముగించుకుని సాయంత్రం వచ్చేవారు. కొందరు రోగుల్ని సాయంత్రాలు కూడా పిలుద్దాం, ఇద్దరివీ కలిపి నువ్వే చేద్దువుగాని అని పెద్దమేడం మొదట్లోనే అడిగింది. అత్తగారికి తుంటి ఎముక విరిగిన రోజులవి. మొగుడు కాలేజీలో పాఠాలు చెప్పుకుని భోజనం వేళకే ఇంటికి చేరతాడు. చేరి ఫోన్ చేసేవాడు. "ఇంట్లో ఎవరూ లేరు. అమ్మకి మందులివ్వాలి, నువ్వు త్వరగా రా." తను ఇంట్లో కూర్చునే చేసేవాడు ఆ ఫోన్. ఎవరూ లేరన్న మాటలో అబద్ధం ఉందని అతనికి ఏనాడూ తోచలేదు. మరీ విచిత్రం, ఆమెకీ తోచలేదు. "నాకు సాయంత్రాలు కుదరదు మేడం" అంది. పాపం, పెద్దమేడం జాలిపడి ఒప్పుకుంది. ఆ అత్తగారి మందులు, ఆ మధ్యాహ్నపు అన్నం, ఆ త్వరగా రా, అన్నీ వెళ్ళి డేటాలో కూర్చున్నాయి.

"దీన్ని సరిచేసే పద్ధతేదో ఉంటుందిగా?" అని అడిగింది లెక్కలమ్మాయిని.

"కొన్నయినా కలిసుంటే ఉంది. రోగుల ట్యూబులు కొన్ని సాయంత్రం చేసుంటే, ఆ తేడా తీసేసి, మిగిలినదే జబ్బు అనొచ్చు. ఇక్కడ ఒక్కటీ కలవలేదండీ. జబ్బు ఎంతో, చెయ్యి ఎంతో, వేళ ఎంతో విడదీయడం ఎవరివల్లా కాదు." ఆ పిల్ల మాటలు మెల్లగా వచ్చాయి. "మేడంకి నేను చెప్పనా?"

"నేనే చెబుతాను."

పెద్దమేడం కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టింది. తిట్టలేదు. తిడితే బావుండేది. "తప్పు నాది కూడా. మళ్ళీ చేద్దాం," అంది చివరికి. "ఈసారి కలిపి చెయ్యాలి. కానీ సాయంత్రాలు నువ్వు..." అని ఆపేసింది. పోస్టు సంగతి ఆవిడ ఎత్తలేదు, ఈమె అడగలేదు.

మర్నాడు పెద్దకోడలింటికి వెళ్ళింది. చెప్పకపోయినా ఎవరికీ తెలియదని దారంతా మనసు పీకింది. మళ్ళీ చేసేదాకా ఆగితే ఏం? అన్నాళ్ళూ అక్క కూర్చుంటుంది కదా. ఇంకోపక్క, చుక్కలు చూపించి తనే ఇచ్చిన మాట అది. అబద్ధమని తెలిశాక దాన్ని ఆ కుర్చీ కింద దాచి ఉంచడం ఆమెకి చేతకాలేదు.

పెద్దకోడలు కిటికీ పక్కనే ఉంది. వంటింట్లో బావగారు గిన్నెలతో కుస్తీ పడుతున్నాడు. చిన్నకోడలు దగ్గరగా జరిగి, గొంతు తగ్గించి, ట్యూబులూ వేళలూ చేతులూ అన్నీ చెప్పింది. పెద్దకోడలు అడ్డు తగలకుండా వింది.

"అంటే నాకు జబ్బు లేదా?"

"లేదని కాదక్కా. ఉందో లేదో ఆ బొమ్మ చెప్పలేదు. నాదే పొరపాటు. మళ్ళీ చెయ్యాలి."

"ఆ తేడా ఆయనకి తెలుస్తుందంటావా?"

వంటింట్లో గిన్నె కింద పడింది, బావగారు దాన్ని తిట్టాడు.

"కూర్చుంటే మెడనొప్పి కాస్త తగ్గిందే," అంది పెద్దకోడలు. "నిన్న పాలవాడి లెక్క నోటితోనే కట్టాను, తప్పుపోలేదు. చెబుదామనుకున్నాను నీకు." చీరకుచ్చిళ్ళు సర్దుకుని, కుర్చీ చేతులమీద బరువు మోపి లేచింది.

"లేవకక్కా. నువ్వు అప్పుడే చెప్పక్కర్లేదు."

"ఆయన మళ్ళీ ఎవరికో చెప్పుకుంటారు రక్తం రక్తం అని. రేపు లేదని తేలితే నా మొహం ఎక్కడ పెట్టుకోను?" వంటింట్లోకి వెళ్ళి మొగుడి చేతిలో గిన్నె తీసుకుంది. "ఇలా తెండి. జిడ్డు వదల్లేదు." అతను చేతులు తుడుచుకుంటూ, సెలవు దొరికిన పిల్లాడిలా ఇవతలికొచ్చేశాడు. ఎందుకని కూడా అడగలేదు.

బస్సులో కిటికీకి తల ఆన్చి చిన్నకోడలు ఏడ్చింది. పక్కనున్నావిడ చూసి చూడనట్టు ఊరుకుంది. ఏడుపు తగ్గాక ఒక ఆలోచన వచ్చింది, చిన్నపిల్లలక్కూడా రావలసింది, ఇరవయ్యేళ్ళుగా ఆ ఇంట్లో ఒక్కరికీ రానిది. కోడళ్ళకి వంశపారంపర్యం ఏమిటి? అత్తగారు ఒక ఇంటి పిల్ల, అక్క ఒక ఇంటి పిల్ల, తను ఇంకో ఇంటి పిల్ల. మూడు రక్తాల్లో ఒక్క చుక్క చుట్టరికం లేదు. ముగ్గురూ వచ్చి ఒకే చోట గుంపుకట్టారు. ఆ ఇంటి రక్తం నిజంగా పంచుకుపుట్టిన మగపిల్లలిద్దరూ గుండ్రాళ్ళలా ఉన్నారు. ఇన్నాళ్ళూ అందరూ జబ్బునిబట్టే రంగులు వేశారు. చేతినిబట్టి, ఇంటిపని ఎవరి చేతిమీద నడుస్తోందో దాన్నిబట్టి, వేసి చూసినవాళ్ళు లేరు.

ఇంటికి వెళ్ళేసరికి మొగుడు టీవీ ముందున్నాడు. "ఇంత ఆలస్యమేంటి? ఇంట్లో ఎవరూ..."

"రేపట్నించి సాయంత్రాలు కూడా ల్యాబులోనే ఉంటాను," అంది. "ఆ పనంతా మళ్ళీ చెయ్యాలి. పొద్దున్న కొన్ని, సాయంత్రం కొన్ని, కలిపి."

"సాయంత్రాలా? అమ్మని ఎవరు చూస్తారు? మందులు, అన్నం..."

"మీరు."

అతను నవ్వబోయి, ఆమె మొహం చూసి మానేశాడు. "నాకవన్నీ ఎక్కడ గుర్తుంటాయి?" అన్నాడు.

లోపలి గదిలో మంచం కిర్రుమంది. "నాకూ గుర్తుండేవిరా," అంది అత్తగారి గొంతు. "పెళ్ళికి ముందు మా పెదనాన్న పద్దులన్నీ నా నోటిమీదే ఉండేవి. నన్ను అడక్కుండా కాగితం ముట్టేవాడు కాదు." ఆ సంగతి ఆ ఇంట్లో ఎవరైనా వినడం అదే మొదటిసారి.

చిన్నకోడలు సంచిలోంచి తాళంచెవి తీసి మొగుడి అరచేతిలో పెట్టింది.

"ఆ పనులతో పాటు ఆరునెలలు ఇది కూడా మీ దగ్గరుంచండి," అంది. "ఎక్కడ దొరుకుతుందో చూద్దాం."